చౌడు మట్టి చెడు మట్టి అయిన వైనం: ఒక మిద్దె వ్యాసం అచ్చు కథ

పత్రికను పోస్టులో వేసిన పదకొండో రోజున ఫోను మోగింది. అవతల మేము కొలతలు తీసుకున్న ఇంటి యజమాని కొడుకు. "సార్, మా మిద్దె మీద ఉన్నది చెడు మట్టి అని బొమ్మలో రాశారు. నాయన చదివించుకుని విన్నాడు. అప్పటి నుంచి మనసు బాగాలేదు. ఆ మట్టి కోసం ఆయన నాలుగు మైళ్లు బండి కట్టుకుని పోయేవాడు" అన్నాడు. నేను పత్రిక తీసి ఇరవై మూడో పేజీకి తిప్పాను. మిద్దె కప్పును నిలువునా కోసి చూపించే బొమ్మ. అన్నిటికన్నా పై పొర నుంచి పక్కకు లాగిన సన్నని గీత. దాని చివర ముత్యాల్లాంటి అక్షరాల్లో: చెడు మట్టి.

ఉండాల్సింది చౌడు మట్టి.

అచ్చు తప్పులు నాకు కొత్త కాదు. పంతొమ్మిదేళ్లు దినపత్రిక డెస్కులో పనిచేసి వచ్చినవాణ్ణి, వర్ధంతిని జయంతి చేసిన రాత్రులూ చూశాను. అయితే ఇది అలాంటి తప్పు కాదు. నిద్రమత్తులోనో తొందరలోనో జారినది కాదు. నలుగురం ఎవరి పని వాళ్లం శ్రద్ధగా చేస్తేనే జరిగింది. అందుకే ఆ రాతప్రతి నా బల్ల మీదికి వచ్చిన రోజు నుంచి సవరణ చీటీలు అంటించిన రోజు దాకా ఏం జరిగిందో రాసి పెడుతున్నాను. కట్టడాల గురించి తెలుగులో ప్రచురించే పని పెట్టుకున్నవాళ్లకు పనికిరావచ్చు.

మాది మహబూబ్‌నగర్ నుంచి వచ్చే చిన్న త్రైమాసిక పత్రిక. ఇళ్లు, గుళ్లు, చేతిపనులు మా సరుకు. 800 ప్రతులు వేస్తాం. నేను సంపాదకుణ్ణి. పేజీలు తీర్చే డిజైనర్ సగం పూట వస్తాడు. అక్షరాలు కూర్చే డీటీపీ ఆపరేటర్ ఒకరు, ప్రూఫులు దిద్దే రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు. అంతే. పేరు కింద 'వాస్తుశిల్ప పత్రిక' అని ఉండటం వల్ల నెలకు ఒక్కరైనా ఫోను చేసి వంటగది ఏ మూలన ఉండాలని అడుగుతారు. మొదట్లో వివరించేవాణ్ణి. ఇప్పుడు గాలి వచ్చే మూలన పెట్టుకోమంటున్నాను.

ఎందుకు మిద్దె

దక్షిణ తెలంగాణ కట్టడాల మీద రాయమంటే ఎవరైనా ముందు గుళ్ల దగ్గరికే వెళ్తారు. పానగల్లు ఛాయా సోమేశ్వరం, ఆలంపురం నవబ్రహ్మలు, పిల్లలమర్రి. ఆ తరువాత గద్వాల కోట, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల భవనాలు. ఆ తరువాత గడీలు. మాకు వచ్చే వ్యాసాల్లో పదింట ఎనిమిది ఇవే. వీటికి శాసనాలుంటాయి, రాజుల పేర్లుంటాయి, ఫోటోలో నిండుగా కనిపిస్తాయి. ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోయడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలు ఊరికి వచ్చి పడుకున్న ఇళ్ల మీద మాత్రం ఎవరూ వ్యాసం పంపరు. పంపరు కాబట్టి అడిగి రాయించుకోవాలి.

హైదరాబాదులో పనిచేసే ఒక యువ ఆర్కిటెక్టును అడిగాను. ఆమె అమ్మమ్మ ఊరు అచ్చంపేట వైపు. మూడు నెలలకు వ్యాసం వచ్చింది: నాగర్‌కర్నూల్, కొల్లాపూర్‌ల మధ్య ఒక ఊళ్లో ఇంకా మనుషులుంటున్న మట్టి మిద్దె మీద, ఏడు బొమ్మలతో. పని నిజాయితీగా ఉంది. గోడ గోడకూ టేపు పట్టింది. భాష మాత్రం ఇలా ఉంది:

"ఈ వర్నాక్యులర్ రెసిడెన్సులో థర్మల్ మాస్ కలిగిన మడ్ వాల్స్ మరియు ఎర్తెన్ రూఫ్ ద్వారా ప్యాసివ్ కూలింగ్ సాధించబడింది."

ఆమెను తప్పుపట్టను. ఐదేళ్లు ఆ చదువు ఇంగ్లిషులోనే చదివింది. దానికి తెలుగు లిపి తొడిగి పంపింది. నేను ఇలా మార్చాను: "గోడలు రెండడుగుల మందం. కప్పూ దళసరే. పగటి ఎండ వాటిలోకి దిగి లోపలి ముఖానికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. నడి వేసవిలో మధ్యాహ్నం మూడింటికి వాకిట్లో కాలు పెట్టలేనప్పుడు లోపల కునుకు తీయవచ్చు."

నా మార్పు నాకే ముద్దొచ్చింది. ఆమె ఫోను చేసి, "సార్, బాగుంది కానీ సగం మాటే మిగిలింది. పగలు మింగిన వేడిని గోడ రాత్రి వదులుతుంది కదా, అది పోయింది" అంది. నిజమే. చల్లదనం చెప్పి ఉక్క చెప్పకపోతే అది వ్యాసం కాదు, ప్రకటన. "రాత్రి ఆ వేడి లోపలికి దిగుతుంది. అందుకే వేసవిలో ఇంటిల్లిపాదీ మిద్దె మీద పక్కలు వేసుకుంటారు" అని చేర్చాం. మాట తేలిక చేసే ఉత్సాహంలో విషయాన్ని సగానికి కోయడం డెస్కు నుంచి వచ్చినవాళ్లకు ఉండే జబ్బు. నాకు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

రాతప్రతిలో మూడు వాక్యాల పక్కన ఎర్ర గీత పెట్టాను. ఇల్లు 200 ఏళ్ల నాటిదని ఒకటి. మట్టి కప్పు తేలికైనదని ఒకటి. పైన వేసేది ఉప్పు మట్టి అని ఇంకొకటి. ఈ మూడింటికీ సమాధానం బల్ల దగ్గర దొరకదు. ఆమెనూ, మేస్త్రీ పని చేసి మానేసిన ఒక పెద్దాయననూ వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లాను.

మిద్దె మీద ఒక రోజు

వయసు సంగతి అరగంటలో తేలింది. రెండు వందల ఏళ్లని ఎవరు చెప్పారంటే ఊళ్లో కుర్రవాళ్లు చెప్పారట. ఇంటి పెద్దాయనను అడిగితే అంకె చెప్పలేదు. "రజాకార్ల గొడవలప్పుడు నేను చంటివాణ్ణి. ఈ దలాన్‌లోనే తలుపులు బిగించుకుని కూర్చున్నామని మా అమ్మ చెప్పేది" అన్నాడు. దలాన్ అంటే సావడి. రజాకార్ల గొడవలంటే 1947, 48. పోలీసు చర్య 1948 సెప్టెంబరు. కాబట్టి మా పత్రికలో "1948 నాటికే ఉన్న ఇల్లు" అని వెళ్లింది. రచయిత్రికి కొంచెం చిన్నబోయినట్టయింది. పిల్లలమర్రి గుడికైతే రేచర్ల వంశం వారి శాసనాలున్నాయి, తేదీ అడిగితే రాయి చెబుతుంది. ఇంటికి మనుషుల జ్ఞాపకమే శాసనం. ఆ జ్ఞాపకం ఎంత దూరం పోతే అంత వరకే మనం పోవాలి.

కప్పు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. ఆమె బొమ్మలో కప్పు ఆరు అంగుళాలు. పొరలన్నీ కేకు ముక్కలో పొరల్లా సమానంగా ఉన్నాయి. ఇంటి వెనక పశువుల కొట్టం వైపు కప్పు అంచు కొంత కూలి ఉంది. అక్కడ నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే లోపలి పొరలు బయటికి కనిపిస్తున్నాయి. టేపు పెట్టాం. 14 అంగుళాలు. కొలిచానన్న ముందు దలాన్ మీద కూడా కప్పు మందం అసలు కొలవలేదని ఆమె అప్పుడు ఒప్పుకుంది. పుస్తకాల్లో ఉన్న మందం వేసిందట.

కూలిన అంచు దగ్గర మేస్త్రీ వేలితో గీకి చూపించాడు. మట్టిలో గోటి మందం పొరలు, ఒకదాని మీద ఒకటి, ఉల్లిపాయ కోసినట్టు. ఏటా మృగశిర కార్తెకు ముందు చౌడు తెచ్చి పలచగా చల్లి కర్రతో కొట్టి అణచినప్పుడల్లా ఒక పొర. కొన్నిచోట్ల పొరల మధ్య బూడిదరంగు చార, ఎప్పుడో మిద్దె మీద చలిమంట వేసుకున్నారేమో. ఇల్లు కట్టినప్పుడు కప్పు ఎంత ఉందో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడున్న మందం మాత్రం ఒకేసారి వేసింది కాదు, పెరిగింది.

పెరిగిందంటే బరువు కూడా పెరిగింది. అక్కడే నిలబడి లెక్క వేశాం. అణగ్గొట్టిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,700 కిలోలు అనుకుంటే, 14 అంగుళాల కప్పు చదరపు మీటరుకు 600 కిలోల మాట. ఈ రోజుల్లో వేసే ఐదంగుళాల సిమెంటు స్లాబు 320 కిలోలకు లోపే. అంటే తేలిక అని రాసిన కప్పు స్లాబుకు దాదాపు రెండింతలు బరువు. ఒక్క అంగుళం మట్టి చేరితే చదరపు మీటరుకు 40 కిలోల పైచిలుకు. "మరి ఏటా వేసుకుంటూ పోతే దూలాలు ఆగుతాయా?" అని అడిగాను. "ఆగవు సార్. అందుకే పదేళ్లకో పదిహేనేళ్లకో పైది చెక్కి దింపాలి. ఈ ఇంట్లో మగపిల్లలు బొంబాయి, పూనా పనులకు పోయారు. వేసేవాళ్లున్నారు కానీ దింపేవాళ్లు లేరు" అన్నాడు మేస్త్రీ. దలాన్‌లోకి దిగి చూస్తే నడిమి దూలం సన్నగా వంగి ఉంది. దాని కింద ఎవరో కొత్తగా ఒక మొగురం నిలబెట్టారు.

వ్యాసంలో అన్నిటికన్నా విలువైన పేరా ఇదే అయింది. మొదటి రాతప్రతిలో దీని జాడ లేదు.

చౌడు

ఇక ఉప్పు మట్టి. ఆమె రాసింది 'సెలైన్ సాయిల్', తెలుగులో ఉప్పు మట్టి. నాకు అనుమానం ఎందుకంటే చిన్నప్పుడు మా ఇంట్లో ఉప్పు జాడీ వానాకాలం చెమర్చేది. నీటిని పిలిచే దాన్ని ఎవరైనా ఇంటి నెత్తిన పెట్టుకుంటారా?

మేస్త్రీ మాటలతో చెప్పలేదు. సాయంత్రం రెండు ముద్దలు తయారుచేశాడు. ఒకటి ఊరి చెరువు వెనక నుంచి తెచ్చిన చౌడు, రెండోది చెలక నుంచి తెచ్చిన ఎర్రమట్టి. రెండింటికీ నడుమ బొటనవేలితో గుంట చేసి నీళ్లు పోశాడు. ఎర్రమట్టి గుంట మేము టీ తాగేలోపు ఖాళీ అయింది. చౌడు గుంటలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడి అలాగే నిలిచాయి. దాని మీద గంప బోర్లించి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున తీస్తే నీళ్లు ఉన్నాయి. అడుగున జిగురుగా పొర కట్టింది.

మహబూబ్‌నగర్ తిరిగి వచ్చాక వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మిత్రుణ్ణి అడిగితే గుట్టు విప్పాడు. రైతులు చౌడును రెండు రకాలుగా చెబుతారు: పాలచౌడు, కారుచౌడు. పాలచౌడులో ఉప్పులు ఎక్కువ. అవి మట్టి రేణువులను ముద్దలుగా చేరుస్తాయి, మధ్య సందులుంటాయి, నీరు దిగుతుంది. కారుచౌడులో రేణువులను పట్టుకుని ఉండేది సోడియం. మట్టికి అంటిన సోడియం వాటా 15 శాతం దాటి, క్షార గుణం ఎంతో చెప్పే పీహెచ్ 8.5 మించితే అది కారుచౌడు. వాన చినుకు తగిలితే రేణువులు విడివిడిగా చెదిరి సందుల్లోకి కూరుకుపోతాయి. నీటి దారి మూసుకుపోతుంది. పొలంలో ఇదే పెద్ద శాపం. నీరు దిగదు, వేరు దిగదు, ఎండితే రాయి. జిప్సం వేసి వదిలించుకోవడానికి రైతు తంటాలు పడతాడు. ఆ శాపమే ఇంటి కప్పుకు వరం. సెలైన్ అని రాస్తే మాట తప్పవడమే కాదు, పని చేసే తీరే తలకిందులవుతుంది.

ఇదంతా ఒకటిన్నర పేజీ అయింది. రచయిత్రి తానే తిరగరాసింది. రెండోసారి రాసినప్పుడు 'సాధించబడింది' ఒక్కటి కూడా రాలేదు. ఊళ్లో రెండు రోజులుంటే భాష దానంతటదే దారికి వచ్చినట్టుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి, తరువాత అవసరం. ఊరి రైతును అడిగితే చౌడు నేల అంటే చెడిన నేలే.

పేర్ల పంచాయితీ

ఆ సంచికలోనే ఆలంపురం మీద ఇంకొకరి వ్యాసం ఉంది. మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన రంధ్రాన్ని మా రచయిత్రి స్కైలైట్ అంది. మాస్టారు దాన్ని 'గవాక్షం' అని దిద్దారు. ఊళ్లోవాళ్లు గవాచి అంటారు. మాస్టారి వాదన, గవాచి అనేది గవాక్షానికి వికృతి కాబట్టి ప్రకృతి వాడటమే మర్యాద అని. మామూలు పత్రికలో నేనూ ఒప్పుకునేవాణ్ణి. కానీ ఆలంపురం వ్యాసంలో గవాక్షం అంటే వేరు. అక్కడ అది గుడి శిఖరం మీద, ముందుకు పొడుచుకొచ్చిన శుకనాసి మీద చెక్కే గుర్రపు లాడం ఆకారం. ఒకే సంచికలో పన్నెండో పేజీలో గవాక్షం శిల్పం, ఇరవయ్యో పేజీలో గవాక్షం కప్పులో కన్నం అయితే పాఠకుడు ఏం కావాలి? గవాచి అనే ఉంచాం. మాస్టారు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

ఆలంపురం వ్యాసంతో వచ్చిన తంటాలు వేరే రాయాలి. ఒకటి రెండు చెప్పి వదిలేస్తాను. శిఖరం అనే మాట ఉత్తరాది నాగర పద్ధతిలో గర్భగుడి మీద లేచే కట్టడం మొత్తానికి పేరు. ద్రావిడ పద్ధతిలో పై తలకట్టు ఒక్కదానికే, మొత్తాన్ని విమానం అంటారు. ఒకే పేరాలో రెండు రకాల గుళ్లనూ పోలుస్తూ శిఖరం శిఖరం అంటూ పోతే ఎత్తుల లెక్కలన్నీ తారుమారు. రెండోది, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఫోటో కింద 'కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద' అని పాత పుస్తకం చూసి రాశారు. శ్రీశైలం జలాశయం కారణంగా ఆ గుడిని రాయి రాయీ విప్పి ఆలంపురానికి తరలించారు. ఫోటో తీసినవాడు ఆలంపురంలో నిలబడి తీశాడు, రాసినవాడు పుస్తకంలో నిలబడి రాశాడు. జిల్లా పేర్లూ అంతే. 1956 తరువాత, కొత్త జిల్లాలు ఏర్పడిన 2016 అక్టోబరు 11కు ముందు అచ్చయినదేదైనా ఆలంపురాన్ని మహబూబ్‌నగర్ జిల్లా అంటుంది.

మిద్దె మాటల్లో చాలావాటికి గొడవే రాలేదు. ప్యారాపెట్ పిట్టగోడ అయింది. కాలమ్ మొగురం, బీమ్ దూలం, దాని మీద అడ్డంగా పడేవి దంతెలు. నిష్ కాస్తా గూడు. స్పిరిట్ లెవెల్‌కు మేస్త్రీలు రసమట్టం అంటారని విని రచయిత్రి ఎంత మురిసిపోయిందో! గొట్టంలో కదిలే బుడగను చూసి మట్టం చెప్పే పనిముట్టుకు అంతకన్నా మంచి పేరు నేను కూడా పెట్టలేను. అయితే సిమెంటు పనిలో ఇంగ్లిషు మాటలు మేస్త్రీలవే అయిపోయాయి. స్లాబు, సెంట్రింగ్, లింటెల్. వాటికి సంస్కృతం అతికించమని ఎవరైనా అంటే నేను వినను.

గోడ మందం విషయంలో మాత్రం ఆమెతో నాకే పేచీ వచ్చింది. 610 మిల్లీమీటర్లు అని వేసింది. చేత్తో పెట్టిన మట్టిగోడ. అడుగున ఒక తీరు, పైన ఒక తీరు. దాన్ని పది మిల్లీమీటర్ల దాకా చెప్పడం అంటే వానలో చినుకులు లెక్కపెట్టడమే. 'సుమారు రెండడుగులు' అని మార్చాను.

బొమ్మలు

బొమ్మలు ఆమె ఏ3 కాగితం కొలతకు గీసింది. కింద 'స్కేలు 1:50' అని రాసింది. మా పేజీ ఏ4. ఏ3ను ఏ4కు తగ్గిస్తే 1:50 బొమ్మ దాదాపు 1:71 అవుతుంది. కింద రాసిన అంకె అప్పటికి అబద్ధం. ఇలాంటి అబద్ధాలు తెలుగు పత్రికల్లో ఎన్ని చూశానో. మేము అంకె తీసేసి అడుగుల గుర్తులున్న కొలబద్ద గీత వేస్తాం. బొమ్మ ఎంత తగ్గినా గీత కూడా అంతే తగ్గుతుంది.

గీతల మందం రెండో సమస్య. కంప్యూటర్ తెర మీద వెంట్రుకలా అందంగా కనిపించే గీత మ్యాప్లిథో కాగితం మీద కొన్నిచోట్ల మాయమవుతుంది. దగ్గర దగ్గరగా గీసిన అడ్డ గీతలు సిరా పీల్చుకుని నల్లటి మరకగా మారతాయి. మట్టి పొరను చూపించే చుక్కలు మొదటి ప్రూఫులో తారు పూసినట్టు వచ్చాయి. మూడుసార్లు గీయించాం.

మూడోది, కథకు అసలు మలుపు. ఆమె బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోని గీతల ఫాంటుకు తెలుగు అక్షరాలు రావు, ప్రశ్నార్థకాలు పడతాయి. అందుకని బొమ్మలను పేర్లు లేకుండా పంపించుకుని, పేర్లు ఇక్కడ పేజీలో కూర్చే పద్ధతి పెట్టుకున్నాం. ఆ పద్ధతి నేనే పెట్టాను.

ఫోటోల గురించి ఒక్క ముచ్చట. ఇంటి ముందు కూర్చున్న అవ్వ ఫోటోను డిజైనర్ అద్దంలో చూసినట్టు తిప్పేశాడు, ముఖం పేజీ లోపలికి చూస్తే బాగుంటుందని. పైట కుడి భుజం మీద ఉండటంతో నాకు అనుమానం వచ్చింది. "మన వైపు కుడిపైట వేసేవాళ్లు లేరా సార్?" అన్నాడు. ఉన్నారు, నిజమే. నేను ప్లాను తీసి నీటి దోని ఏ పక్కన ఉందో చూపించాను. ప్లానులో కుడివైపు, ఫోటోలో ఎడమవైపు. తిప్పిన ఫోటో మళ్లీ తిప్పాడు.

ఔత్వం ఎక్కడ పోయింది

ఇప్పుడు తప్పు దగ్గరికి వస్తాను. రచయిత్రి యూనికోడ్‌లో పంపింది. మా ఆపరేటర్ వాడేది పాతకాలపు ఫాంట్లు; యూనికోడ్‌ను వాటిలోకి మార్చే ఒక మార్పిడి పనిముట్టు ఉంది. ఆ పనిముట్టు ఆ రోజు కొన్ని ఔత్వాలను మింగింది. చౌకట్టు 'చకట్టు' అయింది, చౌరస్తా 'చరస్తా' అయింది. ఇలాంటివి చూడగానే తెలిసిపోతాయి. మాస్టారు అన్నీ పట్టుకుని దిద్దారు. చౌడు 'చడు' అయింది. చడు మట్టి అనే మాట లేదు. మాస్టారిది రైతు కుటుంబం. పంటకు పనికిరాని మట్టి గురించే కదా వ్యాసం, ఎత్వం పడిపోయిందనుకుని 'చెడు మట్టి' అని దిద్దారు. తొమ్మిది చోట్ల. ఆయన జాగ్రత్తగా చదవకపోయి ఉంటే 'చడు' అలాగే మిగిలేది, నా కంట పడేది.

మొదటి ప్రూఫు దిద్దుబాట్లు వేసిన రోజునే ఆపరేటర్ బొమ్మల మీద పేర్లు కూర్చాడు. బుద్ధిమంతుడు కాబట్టి చేత్తో కొట్టకుండా దిద్దిన పాఠం నుంచే తీసి అతికించాడు. రెండో ప్రూఫులో నేను తొమ్మిది చోట్లా చౌడు అని సరిచేశాను. బొమ్మల పేజీలు విడిగా వచ్చాయి. వాటిలో నేను గీతల మందం చూశాను, కొలబద్ద చూశాను, గవాచి రెండుసార్లు చూశాను. రచయిత్రి ఫోనులో పీడీఎఫ్ తెరిచి పొరల క్రమం సరిపోయిందని చెప్పింది. ఎవరం ఆ రెండు మాటలు చదవలేదు. ఎనిమిది వందల ప్రతుల్లో అది అలాగే పోయింది. వ్యాసం పాఠంలో తొమ్మిదిసార్లు చౌడు, బొమ్మలో ఒక్కసారి చెడు. పెద్దాయనకు చదివి వినిపించిన మనవడు ముందు బొమ్మ చూశాడు. అందరూ ముందు బొమ్మే చూస్తారు.

ఆ ఆదివారం నేనే ఊరికి వెళ్లాను. ఫోనులో చెబితే సరిపోయే మాట కాదనిపించింది. తప్పు మాదని, మట్టిది కాదని పెద్దాయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "అచ్చులో ఉన్నది మనుషులు నమ్ముతారు నాయనా" అన్నాడు. తరువాత మజ్జిగ ఇప్పించాడు.

మా దగ్గర మిగిలిన 140 ప్రతుల్లో చౌడు మట్టి అని అచ్చు వేసిన చిన్న చీటీలు అంటించాం. నేను, ఆపరేటర్, మాస్టారు ఒక మధ్యాహ్నం కూర్చుని. మాస్టారు ఒక్కో చీటీ అంటించేటప్పుడు ఔత్వాన్ని వేలితో తడిమి చూశారు. చందాదారులకు తరువాతి సంచికలో ఆ బొమ్మను పూర్తి పేజీలో తిరిగి వేస్తామని ఉత్తరం రాశాం.

పద్ధతిలో మార్చింది పెద్దగా ఏమీ లేదు. మార్పిడి చేసిన పాఠంలో ఔత్వాలున్న మాటలు, అరుదైన ఒత్తులు ఆపరేటర్ ముందే వెతికి చూస్తాడు. బొమ్మల మీది మాటలను ఒక కాగితం మీద విడిగా ముద్రించి, బొమ్మ లేకుండా, వట్టి జాబితాగా మాస్టారికి ఇస్తాం. కట్టడం మాటలను ఆయన దిద్దరు, పక్కన ప్రశ్న గుర్తు పెడతారు. ఈ చివరిదానికి ఆయనను ఒప్పించడానికి నాకు ఒక పూట పట్టింది. యూనికోడ్‌కు పూర్తిగా మారడమే అసలు మందు అని అందరూ అంటారు. నిజమే. ఆపరేటర్ ఇరవై ఏళ్లుగా ఆ కీబోర్డు మీద చేయి తిరిగినవాడు, అతనికి సమయం ఇవ్వాలి.

తిరిగి వేసే బొమ్మ కోసం పొరల పేర్లన్నీ మేస్త్రీకి ఫోనులో చదివి వినిపించాను. కింది నుంచి మొదలుపెట్టాను. దూలం, సరే. దంతెలు, సరే. వాటి మీద చిల్ల కట్టెలు, సరే. ఆకు పరుపు, సరే. పైన చౌడు, "ఆ, కారుచౌడు అని రాయండి సార్, పాలచౌడు ఎవరైనా వేసుకుంటే నా పేరు చెడుతుంది" అన్నాడు. ఆకు పరుపుకూ చౌడుకూ మధ్య నాలుగంగుళాల పొర ఒకటి మిగిలింది. రచయిత్రి దానికి 'నింపుడు పొర' అని పేరు పెట్టింది. మీరేమంటారు దాన్ని అని అడిగాను.

"అది మట్టి సార్."

"అవును, ఆ పొరకు పేరు ఏమైనా ఉందా అని."

కొంచెంసేపు మాట రాలేదు. నాకు అర్థం కాలేదనుకున్నాడో ఏమో, ఈసారి నిదానంగా, విడమరిచి చెప్పాడు. "మట్టి సార్. మ, ట్టి."

బొమ్మలో ఆ గీత పక్కన మట్టి అని రాశాం.